సరోజన ఇత్తడి గంజు, నా తొందర సాక్ష్యం

కొత్తగా మందుల కిటికీ వెనక నిలబడబోయే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. సూరత్‌లో ఒక ధర్మాసుపత్రిలో పాతికేళ్ళు ఫార్మసిస్టుగా పనిచేశాను. మాది బాపట్ల దగ్గర పల్లె. మావారు రైల్వే గార్డు. ఆయన ఉద్యోగం మమ్మల్ని ఇక్కడికి తెచ్చింది, ఈ ఊరు మమ్మల్ని ఉంచేసుకుంది. మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసిన మా నాన్న నాకు రెండు అలవాట్లు నేర్పాడు. పొద్దున లేవగానే బైబిలు వాక్యం చదవాలి. మాత్ర చేతికిచ్చే ముందు చీటీ మీద పేరు రెండుసార్లు చదవాలి. ఈ రెంటిలో ఏది మానేసిన రోజునా నా పని సాఫీగా సాగలేదు.

కిటికీ తలుపు తీసే ముందు ప్రతిరోజూ ఒక చిన్న ప్రార్థన చేసేదాన్ని. ప్రభువా, ఈరోజు నా చేతి మీదుగా ఎవరికీ కీడు జరగనివ్వకు అని. ఆ ప్రార్థనకు జవాబు చాలాసార్లు నేను అనుకున్న రూపంలో రాలేదు. ఒకసారి ఇత్తడి గిన్నె రూపంలో వచ్చింది. ఆ సంగతే ఎక్కువగా చెబుతాను. నాకొచ్చిన ప్రమోషన్ గురించి చెప్పడానికేమీ లేదు. కుర్చీకి చేతులు వచ్చాయి, అంతే.

ఎర్ర సీసాల అల్మారా

మా మందుల గదిలో నా వీపు వెనక అద్దాల అల్మారా ఉండేది. దాని నిండా టానిక్ సీసాలు. రక్తానికి ఎర్రది, ఎముకలకు తెల్లది, కాలేయానికి ఆకుపచ్చది. మేనేజరు కాంతిభాయ్‌ది ఒక సిద్ధాంతం. చేతిలో సీసా లేకుండా వెళ్ళిన రోగి మళ్ళీ రాడంటాడు. రోగులదీ ఇంచుమించు అదే సిద్ధాంతం. ఊరి బయట జోల్వాలోని మగ్గాల షెడ్ల నుంచి వచ్చే మన తెలంగాణ వాళ్ళు మాత్రల పొట్లం తీసుకుని కూడా కదిలేవాళ్ళు కాదు. నా తల మీదుగా అల్మారా వైపు చూస్తూ, జర తాకత్‌ది సుత ఇయ్యుండ్రి మేడం అనేవాళ్ళు. తాకత్ అంటే బలం. బలం ఎర్రగా, తియ్యగా ఉంటుందని అందరి నమ్మకం.

మొదటి ఏళ్ళలో నేనూ తీసి ఇచ్చేశాను. బాబిన్లు చుట్టే ఒకతను బాగా చిక్కిపోయి వస్తే, ప్రోటీన్ పొడి డబ్బా కొనుక్కోమని చెప్పాను. నెల తిరిగేసరికి ఇంకా చిక్కి వచ్చాడు. పొడి వాడటం లేదా అని కోప్పడ్డాను. క్రమం తప్పకుండా వాడుతున్నాడట. ఆ డబ్బా కొనడం కోసం రోజూ తినే రెండు గుడ్లూ, పూటకో గ్లాసు పాలూ మానేశాడట. నా మాట మీద అంత నమ్మకం అతనికి. నేను నోటికొచ్చినట్టు చెప్పింది అతను నిష్ఠగా పాటించాడు.

అప్పటినుంచి ఎవరికి ఏ బలం మందు చెప్పాల్సి వచ్చినా ముందు ఒక ప్రశ్న అడగడం నేర్చుకున్నాను. ఇది కొనడానికి నువ్వు ఏం మానేస్తావు? ఈ ప్రశ్న మీరూ అడగండి. కంపెనీ వాళ్ళిచ్చే రంగు కాగితాల్లో ఇది ఉండదు. కాంతిభాయ్‌కి మాత్రం ఈ ప్రశ్న నచ్చలేదు. కృపాబెన్ కిటికీలో కూర్చుంటే అల్మారాకు బూజు పడుతోందని ట్రస్టు వాళ్ళకు చెప్పాడు. కృపాబెన్ అంటే నేనే, ఇక్కడ బెన్ అంటే అక్క. అది నిజమే. ఆ బూజు నేనే దులిపేదాన్ని.

ఆ ఒక్క ప్రశ్నతో నా పని తెలివి పూర్తయిందని చాలా ఏళ్ళు అనుకున్నాను.

రాజేశం చేతులు

ప్లేగు భయానికి ఖాళీ అయిన ఊరు మళ్ళీ నిండాక, ఒక చలికాలం మొదట్లో రాజేశం, అతని భార్య సరోజన మా ఆసుపత్రికి వచ్చారు. సిరిసిల్ల వైపు నేతవాళ్ళు. ఇద్దరు పిల్లలతో కోసాడ్ కాలనీలో ఒంటి గది. రాజేశం జోల్వాలో పవర్‌లూమ్ నడిపేవాడు. పని మందగించి ఆ షెడ్డు మూతపడినప్పుడు ఇచ్ఛాపూర్ వైపు వెళ్ళి, పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే చోట చేరాడు. ఏడాది తిరక్కుండా కడుపులో మెలిపెట్టే నొప్పి పట్టుకుంది. మొహం పాలిపోయింది. అన్నిటినీ మించి మణికట్లు వాలిపోయాయి. చేతులు ముందుకు చాపమంటే వేళ్ళు కిందికి వేలాడేవి.

మగ్గం మీద పోగు తెగితే నేతగాడు దాన్ని అందుకుని రెప్పపాటులో ముడేయాలి. ఆ ముడి మగ్గం మీద దువ్వెనలా ఉండే అచ్చు పళ్ళ సందులోంచి దూరిపోయేంత చిన్నదిగా, గుంజితే ఊడనంత గట్టిగా ఉండాలి. రాజేశం అప్పటికి తన చొక్కా గుండీలే పెట్టుకోలేకపోతున్నాడు. సరోజన పెట్టేది. అతని పాత సేఠ్ అఖాత్రీజ్ నాడు, అంటే మన అక్షయ తృతీయ నాడు, కొత్త మగ్గాలు మొదలుపెడుతున్నాడు. ఆ లోగా ముడేయగలిగితే తీసుకుంటానని మాటిచ్చాడు. అయిదారు నెలల గడువు. అది దాటితే రాజేశానికి మళ్ళీ ఆ సీసం షెడ్డే దిక్కు.

మా డాక్టర్ దేశాయ్ సార్ రక్తం తీయించి పరీక్షకు పై ఊరు పంపించారు. సీసం బాగా ఎక్కిందని తేలింది. షెడ్డు మానేస్తేనే మందు రాస్తానన్నారు. ఆయన ఏ జబ్బు దగ్గరైనా ఒకే మాట హిందీలో చెప్పేవారు. "పెహలే నల్ బంద్ కరో, ఫిర్ పోంఛా లగావ్." ముందు కుళాయి కట్టెయ్యి, తర్వాత నేల తుడువు. రాజేశం షెడ్డు మానేశాడు. సీసాన్ని పట్టుకుని మూత్రంలో బయటికి తెచ్చే పెన్సిలమిన్ క్యాప్సూళ్ళు రాశారు సార్. ఇవాళ దీన్ని డిటాక్స్ అంటున్నారు, అందమైన డబ్బాల్లో అమ్ముతున్నారు. అప్పుడు మేము సీసం దించడం అనేవాళ్ళం. అది డాక్టరు కళ్ళ ముందు, రక్తం చూసుకుంటూ చేయవలసిన పని. సొంతంగా కొనుక్కుని మింగే మందు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

చీటీలో అయిదు

మందులు తీసుకున్నాక సరోజన కిటికీ వదల్లేదు. కొంగు ముడి విప్పి ఇంకో చీటీ తీసింది. వాళ్ళ వీధి చివర మెడికల్ షాపతను రాసిచ్చాడట. అందులో అయిదు పేర్లున్నాయి. ఎర్ర టానిక్, కాలేయం టానిక్, ప్రోటీన్ డబ్బా, అన్ని ఖనిజాలూ కలిసిన విటమిన్ మాత్రలు, చాక్లెట్ రుచి కాల్షియం సీసా.

"గీ అయిదిట్ల ఏది మంచిది మేడం? అయిదు కొననీకి మాతోని కాదు. ఒక్కటి చెప్పుండ్రి, గదే కొంట."

నా ప్రశ్న నేను అడిగాను. కొంటే ఏం మానేస్తావు?

"మానేదానికి మా ఇంట్ల ఏమున్నది మేడం? ఆయన బీడీలు మాన్పిస్త."

పక్కనే ఉన్న రాజేశం వెంటనే గోడమీది క్యాలెండరు వైపు తిరిగి, తిథులు చూడటంలో మునిగిపోయాడు. బీడీ సంగతి మంచిదేనని నేను సరోజనను బలపరిచాను. సీసం పట్టుకున్న చేతులు నోటి దగ్గరికి ఎన్నిసార్లు వెళితే అంత కీడు.

తర్వాత పెన్సిలు తీసుకుని ఆ చీటీ మీద కూర్చున్నాం. ఈ భాగం మీకు పనికొస్తుంది కాబట్టి వివరంగా చెబుతాను. కాలేయం టానిక్ మొదట కొట్టేశాను. అది ఏం చేస్తుందో అమ్మేవాడికే తెలియదు. ప్రోటీన్ డబ్బా కొట్టేసి, రోజుకో గుడ్డు, గుప్పెడు పుట్నాలు అని చెప్పాను. కాల్షియం సీసా కొట్టేసి నువ్వులు, తైదల జావ అంటే మన రాగిజావ, సందుచివర డెయిరీలో దొరికే పలచటి మజ్జిగ అన్నాను. ఒంట్లో కాల్షియం, ఇనుము తక్కువైతే సీసానికి దారి తెరిచినట్టే. తిండి సరిగ్గా ఉంటే ఆ దారి ఇరుకవుతుంది. ఖాళీ కడుపుతో ఉన్నవాడికి సీసం ఎక్కువ ఎక్కుతుంది కాబట్టి వేళకు తినడమే పెద్ద మందు.

ఖనిజాల మాత్ర కొట్టేయడానికి వేరే కారణం ఉంది. అందులో ఇనుము, జింకు ఉంటాయి. పెన్సిలమిన్ వాటినే పట్టుకుని కూర్చుంటుంది, సీసం జోలికి పోదు. ఎర్ర టానిక్ సంగతీ అంతే. కానీ రాజేశానికి రక్తం నిజంగానే తక్కువ. అందుకని దేశాయ్ సార్‌ని అడిగి, మా దగ్గరే దొరికే అతి చవక ఇనుము మాత్ర ఇప్పించాను. క్యాప్సూలు పరగడుపున, ఇనుము సాయంత్రం, మధ్యలో టీ లేకుండా. ఇక చీటీలో లేనిది ఒకటి చేర్చాను. బి-6 మాత్ర. పెన్సిలమిన్ ఒంట్లో దాన్ని తగ్గించేస్తుంది. ఆ అయిదింటిలో ఏ ఒక్కదానితో పోల్చినా దాని ధర లెక్కలోకి రాదు. షాపతను దాన్ని రాయలేదు, ఎందుకు రాస్తాడు.

చివరగా సి విటమిన్. చలికాలం కదా, బండి మీద ఉసిరికాయలు రాశులు పోసి అమ్ముతున్నారు. రోజూ రెండు ఉసిరికాయలు, ఇంటిల్లిపాదీ తినండి అన్నాను. సరోజనకు అన్నిటికన్నా ఆ మాట నచ్చింది. అయిదు పేర్ల చీటీ రెండు చవక మాత్రలుగా, కూరగాయల సంచీగా మారినందుకు ఆమె మొహం విప్పారింది. మీ దేవునికి మీరు చెప్పుండ్రి మేడం, మా ఎల్లమ్మకు నేను చెప్త, ఇద్దరు కలిసి చూసుకుంటరు అంది. నాకు నవ్వొచ్చింది. నా ప్రార్థన నేను మానలేదు. రాజేశం పేరు మా ఇంటి ప్రార్థనలో ఆ రాత్రే చేరింది.

అతను ఆ మర్నాటి నుంచి మందులన్నీ ఒక్కసారే మింగుతున్నాడని నాలుగు రోజుల తర్వాత తెలిసింది. మగ్గానికి నూనె అన్ని చోట్లా ఒకేసారి పోస్తాం కదా మేడం అన్నాడు. సాయంత్రం మాత్ర పొట్లానికి నల్ల దారం కట్టి ఇచ్చాను. అంతటితో ఆ తగువు తీరింది.

ఆదివారం

రైల్వే కాలనీ హాలులో మా తెలుగు క్రైస్తవ సంఘం ప్రతి ఆదివారం కూడుకునేది. గార్డులు, బ్యాంకువాళ్ళు, టెలిఫోన్ ఆఫీసువాళ్ళు, అందరం కలిపి ముప్పై కుటుంబాలు. మా సంఘపెద్ద ప్రకాశం గారు ఇంజన్ల తనిఖీ చేసే ఉద్యోగి. మనిషి తక్కువ మాట్లాడతాడు. ఆరాధన చివర ఎవరి జీవితంలో దేవుడు చేసిన మేలు వాళ్ళు లేచి సాక్ష్యం చెప్పుకోవచ్చు.

మూడు వారాలకు రాజేశం కడుపునొప్పి తగ్గింది. మొహంలో కాస్త కళ వచ్చింది. నేను ఆగలేకపోయాను. ఆదివారం లేచి నిలబడ్డాను. బైబిల్లో, చెరలో ఉన్న నలుగురు యువకులు రాజుగారి భోజనం వద్దని పప్పుధాన్యాలతో సరిపెట్టుకుంటే, పది రోజులకే వాళ్ళ మొహాలు అందరికన్నా తేటగా కనబడిన సంగతి చెప్పాను. అల్మారాలో సీసాలన్నీ రాజుగారి భోజనం అన్నాను. పుట్నాలు, తైదలు, ఉసిరికాయలతో ఒక నేతగాడి ఒంట్లోంచి దేవుడు సీసం దించేశాడని చెప్పాను. దించేశాడు అనే అన్నాను, దించుతున్నాడు అనలేదు. నా చీటీ కథ కూడా కాస్త పొడిగించే చెప్పాను. ఆమెన్‌లు గట్టిగా వినిపించాయి. ఇంటికొచ్చాక మావారు, సాక్ష్యంలో దేవుడికన్నా ఉసిరికాయ ఎక్కువసార్లు వచ్చిందే అన్నారు. ఆయన మాట పట్టించుకోలేదు.

ఆ గురువారం రెండో రిపోర్టు వచ్చింది. సీసం తగ్గలేదు. మొదటిసారి కన్నా కొంచెం పెరిగింది.

దేశాయ్ సార్ వెంటనే క్యాప్సూళ్ళు ఆపించారు. బయటినుంచి సీసం వస్తూ ఉండగా ఆ మందు వాడితే మేలుకన్నా కీడే ఎక్కువ కావచ్చు. కుళాయి తెరిచే ఉంది కృపాబెన్, మనిషి షెడ్డుకు పోతున్నాడేమో కనుక్కో అన్నారు. నాకూ అదే అనుమానం. దానికి తోడు నా సాక్ష్యం పరువు పోయిందన్న మంట. రాజేశం వచ్చినప్పుడు వరుసలో నలుగురూ వినేలా అడిగేశాను, నిజం చెప్పు, దొంగతనంగా షెడ్డుకు పోతున్నావు కదా అని.

అతను రెండు చేతులూ ఎత్తి కిటికీ చువ్వల దగ్గర పెట్టాడు. వేళ్ళు వేలాడుతున్నాయి.

"గీ చేతులతోని నన్నెవడు షెడ్డుల రానిస్తడు మేడం?"

అతని వెనక నుంచి సరోజన ముందుకొచ్చింది. ఆమె గొంతులో కోపం లేదు. అందుకే ఇప్పటికీ వినిపిస్తుంది.

"నాకు సుత వారం నుంచి కడుపుల గట్లనే గుంజుతాంది. నేనెన్నడు పోయిన మేడం షెడ్డుకు?"

గంజు

శనివారం మధ్యాహ్నం మావారి స్కూటరు మీద కోసాడ్ వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో నాకే స్పష్టంగా తెలియదు. క్షమాపణ చెప్పాలని ఒక కారణం. భార్యకూ భర్తకూ ఒకే నొప్పి వస్తే కుళాయి ఇంట్లోనే ఉండాలన్నది ఇంకోటి. మూడో అంతస్తు. గదిలో సగం మేర చీరల గుట్ట. నేతలో వేలాడే అదనపు దారాలు కత్తిరించే పని సరోజన ఇంట్లోనే చేస్తుంది. నన్ను చూసి కత్తెర పక్కన పెట్టింది. రాజేశం లేచి నిలబడ్డాడు. నలుగురిలో అన్న మాటకు నలుగురిలోనే క్షమాపణ అడగాలి, సోమవారం అడుగుతాను అన్నాను. అన్నం తిని మాట్లాడుండ్రి అంది సరోజన. వద్దంటే వినలేదు.

పళ్ళెంలో అన్నం పెట్టి, పొయ్యి పక్కనున్న ఇత్తడి గంజు మూత తీసింది. వాళ్ళ మాటలో గంజు అంటే వంట గిన్నె. అందులో ఉసిరికాయ పులుసు ఉంది. బండి మీద చవకగా దొరికినప్పుడు వారానికి సరిపడా ఉసిరికాయలు ఉప్పు, పసుపు వేసి ఒకేసారి ఉడకేసి, ఆ గంజులోనే ఉంచుతుందట. మీరు చెప్పినట్టే మేడం, ఒక్కపూట తప్పలేదు అంది. గర్వంగా అంది. ముద్ద కలుపుతూ నేను గంజు లోపలికి చూశాను. లోపలంతా తెల్లగా, కొత్తగా ఉంది. పులుసు తగిలే మేర మాత్రం మసకబారింది.

కళాయి ఎప్పుడు వేయించావని అడిగాను.

"దసరా ముందల. మా అవ్వ ఇచ్చిన గంజు మేడం, చిలుము పట్టి మూలకు పడున్నది. కళాయోడు రాంగకు పైసలు శాన అడిగిండు. మా ఆయననే షెడ్డుల నుంచి ముక్క తెచ్చిచ్చిండు. పూత కూలి ఒక్కటే ఇచ్చినం."

రాంగ అంటే తగరం. షెడ్డులో తగరం ఎక్కడుంది? నా ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

చేయి కడుక్కుని సంచీలో వెతికితే తెల్ల కాగితం ఒకటి దొరికింది. అయిదు పేర్లు కొట్టేసిన ఆ చీటీయే. సరోజన నా దగ్గరే వదిలేసి వెళ్ళింది. దాని వెనక వైపుతో గంజు లోపలి అంచును గట్టిగా రుద్దాను. పెన్సిలుతో గీసినట్టు బూడిద రంగు చార పడింది. మంచి తగరం అలా గీత గీయదు, సీసం గీస్తుంది. షెడ్డులో నెలల తరబడి అతను ఊపిరిలో పీల్చినదే గంజుకు పూతగా ఇల్లు చేరింది. ఉప్పూ పులుపూ కలిసి దాన్ని రోజూ కొంచెం కొంచెం లాగుతున్నాయి. ఆ పులుపు చెప్పింది నేను.

రాజేశం గోడకు జారగిలబడి కూర్చున్నాడు. తెల్లగా మెరిసింది మేడం, రాంగే అనుకున్న అన్నాడు. సరోజన అతన్ని ఏమీ అనకపోతే బాగుండదనుకుందేమో, మెరిసేదల్ల ఇంటికి తెచ్చే బుద్ధి నీకు పెండ్లినాడే ఉండె, నన్ను సుత గట్లనే తెచ్చినవ్ అంది. అతను నవ్వేశాడు. తర్వాత ఆమె నా వైపు తిరిగింది.

"మీరు ఏం తినాల్నో మంచిగ చెప్తిరి మేడం. దేంట్ల వండుతున్నవే అని అడగకపోతిరి."

పాతికేళ్ళ ఉద్యోగంలో నాకు చాలా మంది పాఠాలు చెప్పారు. ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. ఈ ఒక్క వాక్యం కోసమే మీకు ఇదంతా రాస్తున్నాను. చవకగా బలం మందులు ఎంచుకోవడం గురించి నేను తెలివిగా చీటీ కొట్టేశాను. ఏం కొంటావు, ఏం మానేస్తావు అని అడిగాను. వాళ్ళ వంటింట్లోకి మాత్రం చూడలేదు. గిన్నె, నీళ్ళు, పని బట్టలు ఎక్కడ ఉతుకుతారు, షెడ్డు నుంచి ఇంటికేం తెస్తారు, ఇవన్నీ అడిగాకే మాత్ర పేరెత్తాలి. పేదవాడు ఏదీ వృథా పోనివ్వడు. మంచి ముక్క అనుకుంటే ఇంటికి తెస్తాడు. ఆ పొదుపులోంచే కీడు రావచ్చని అడిగేవాళ్ళకు తెలిసి ఉండాలి.

పులుసు పారబోశాం. గంజును ఏం చేయాలన్నదే పెద్ద చర్చ. పాత సామానుకు అమ్మితే ఇంకో ఇంటి పొయ్యి ఎక్కుతుంది. అవ్వ, అంటే తల్లి, ఇచ్చింది కాబట్టి పారేయడానికి సరోజనకు మనసొప్పదు. చివరికి ఆమే తేల్చింది. గంజు కత్తెర పనికి అంకితం. అందులో కత్తిరించిన దారపు తుక్కు వేసి పెడుతుంది. తిండి అన్న మాట దాని దగ్గర ఎత్తకూడదు.

రెండో ఆదివారం

సోమవారం కిటికీ దగ్గర రాజేశానికి అందరి ముందూ క్షమాపణ చెప్పాను. వరుసలో ముందున్న గుజరాతీ పెద్దాయనకు విషయం అర్థం కాక తనక్కూడా ఏదో చెబుతున్నాననుకుని, పర్వాలేదు బెన్ అన్నాడు. అది తేలిగ్గా అయిపోయింది. దానికి ముందు రోజు ఆదివారమే కష్టమైంది.

తప్పు సాక్ష్యం చెప్పినవాడు తిరిగి లేచి దిద్దుకోవాలని ఎక్కడా రాసి లేదని నా మనసు వాదించింది. దొంగసాక్ష్యం గురించి రాసి ఉంది కదా అని ఇంకో మూల నుంచి జవాబొచ్చింది. లేచాను. పోయిన ఆదివారం నేను చెప్పింది నిజం కాదు, సీసం దిగలేదు, పైగా నా సలహా వల్ల ఇంకొంచెం ఎక్కింది అన్నాను. గంజు సంగతి మొత్తం చెప్పాను. ఈసారి ఆమెన్‌లు రాలేదు.

ప్రకాశం గారు లేచారు. "అమ్మా కృపావతీ, ఆ కుర్రాళ్ళ విషయంలో రాజుగారి మనిషి పది రోజులు ఆగి, మొహాలు చూసి, అప్పుడు మాట్లాడాడు. ఇంజను కూడా అంతే. పరీక్షించాకే సర్టిఫికెట్టు. ఇకనుంచి రిపోర్టు చూసుకుని సాక్ష్యం చెప్పు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుల మధ్య బ్యాంకు సుందరమ్మ గారు లేచి, ఆ కాగితంతో రుద్దే పద్ధతి మళ్ళీ ఒకసారి చెప్పమంది. ఆమె ఇంట్లో చింతపండు పులుసు కాచే ఇత్తడి గిన్నె ఉందట, పోయిన నెలే వీధిలో కళాయి వేయించిందట.

పై ఆదివారం ఏడుగురు ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకొచ్చారు. పాటల పుస్తకాల పక్కన ఇత్తడి సామాను బారులు తీరింది. ఇది ప్రార్థన కూడికా, పాత్రల సంతా అని మావారు గొణిగారు. ఆరాధన అయ్యాక ఒక్కొక్కటీ కాగితంతో రుద్దాం. రెండు గిన్నెలు గీత గీశాయి. ఒకటి సుందరమ్మ గారిదే. రాజేశం తెచ్చిన సీసం వాటిలో లేదు. కళాయి వేసేవాడు తగరం ఆదా చేసుకున్నాడు, అంతే. నా గొప్ప సాక్ష్యం వల్ల ఎవరికీ ఏమీ జరగలేదు. నేను సిగ్గుపడి దిద్దుకున్న సాక్ష్యం రెండు వంటిళ్ళను కాపాడింది. దేవుడి లెక్క నాకు ఆ రోజు కొంచెం అర్థమైంది.

ఆ వారంలోనే దేశాయ్ సార్‌తో చెప్పి, కోసాడ్ కాలనీలో కళాయి వేసే అతన్ని పిలిపించాం. మంచివాడే. రాంగ మీరిస్తే పూత నాది అని ఒప్పుకోవడం అతని అలవాటు. ఇకపై కాగితం మీద రుద్ది చూపించి పైసలు తీసుకోమన్నాం. తర్వాతి ఏడాదంతా అతని డబ్బాలో ఎప్పుడూ తెల్ల కాగితాలుండేవి. గిరాకీ పెరిగిందట.

ముడి

సరోజన నొప్పికి మందు అక్కర్లేకపోయింది. గంజు పోవడంతో తగ్గింది. వాళ్ళ ఇద్దరు పిల్లల రక్తమూ చూపించాం. తిండి మీదే సరిపోతుంది, మళ్ళీ చూద్దాం అన్నారు సార్. రాజేశానికి కొంతకాలం ఆపి, ఇల్లు శుభ్రమైందని నమ్మకం కుదిరాక క్యాప్సూళ్ళు మళ్ళీ మొదలుపెట్టారు. చీటీ అదే. గుడ్డు, పుట్నాలు, తైదల జావ, బి-6 మాత్ర, నల్ల దారం కట్టిన ఇనుము మాత్ర. ఉసిరికాయలు ఇప్పుడు స్టీలు గిన్నెలో, లేదా పచ్చివే. సంక్రాంతి దాటింది, హోళీ దాటింది. బొటనవేలు లేచింది, తర్వాత చూపుడువేలు. చొక్కా గుండీలు రెండు తనే పెట్టుకుంటున్నాడని సరోజన చెప్పింది. మిగతావి కావాలనే వదిలేస్తుండు అని కూడా చెప్పింది.

సీసం వల్ల వాలిన చేయి ఎంత తిరిగి వస్తుందో ఎవరూ ముందు చెప్పలేరు. నేను రోజూ ప్రార్థన చేశాను. ఎవరితోనూ ఒక్క మాట అనలేదు.

అఖాత్రీజ్‌కు నాలుగు రోజుల ముందు రాజేశం ఒక్కడే వచ్చాడు. రక్తం ఆ ముందు వారమే పంపించాం, రిపోర్టు ఇంకా రాలేదు. మందు పొట్లం కట్టడానికి నేను తీసిన నల్ల దారం నా చేతిలోంచి తీసుకున్నాడు. పళ్ళతో పటుక్కున తెంపాడు. రెండు కొసలూ వేళ్ళ మధ్య పట్టుకున్నాడు. మొదటిసారి ఒక కొస జారింది. రెండోసారి బొటనవేలు అడుగున తిప్పి, చూపుడువేలితో నొక్కి, దారాన్ని నా ముందు చాపాడు. ముడి ఎక్కడుందో కంటికి కనబడలేదు.

"గుంజుండ్రి మేడం."

గుంజాను. ఇంకా గట్టిగా గుంజాను. దారం నా వేలిని కోసింది తప్ప ముడి కదల్లేదు. కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే తల దించుకుని అల్మారా తాళాలు వెతుకుతున్నట్టు నటించాను.

"ఇగ ఈ ఐతారం చెప్పుండ్రి మీ కాడ" అన్నాడు. నా రెండు ఆదివారాల సాక్ష్యం సంగతి నేనే అతనికి ఒకరోజు చెప్పాను.

రిపోర్టు రానీ రాజేశం, మా పెద్దాయన ఒప్పుకోడు అన్నాను.

అతను ఆ దారం ముక్కను మళ్ళీ నా అరచేతిలో పెట్టి, వేళ్ళతో నా వేళ్ళను మూశాడు.

"రిపోర్ట్ గిదే మేడం" అన్నాడు. సేఠ్ దగ్గరికి, జోల్వాకు పోయే బస్సు తప్పిపోతుందని స్టాండు వైపు నడిచాడు.